ఎగూసి గింజ ఒలిచేదెవరు?

నేను నైజీరియాలో అడుగుపెట్టిన మొదటి ఏడాది, ఇబాదాన్ నుంచి ఓయో పట్టణానికి వెళ్తుండగా, దారి పక్కన ఒక చేలో కుప్పలు పోసి ఉన్న పుచ్చకాయలను చూసి కారు ఆపించాను. కాయలన్నీ పగిలి ఉన్నాయి. పాలిపోయిన గుజ్జు మీద ఈగలు ముసురుతున్నాయి. కంపు రోడ్డు దాకా కొడుతోంది. నేను కర్నూలు జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి. ధర పలకక రైతులు బుట్టలకొద్దీ టమాటాను రోడ్డు మీద పారబోసి వెళ్ళిపోవడం పత్తికొండ వైపు ఎన్నోసార్లు కళ్ళారా చూసినవాణ్ణి. ఇక్కడా అదే జరిగిందనుకుని, పాపం ఎవరి కష్టమో మట్టిపాలైందని డ్రైవరుతో అన్నాను. అతను తల అడ్డంగా ఊపి, "పాడైపోలేదు ఓగా (అయ్యగారూ), పాడవ్వాలనే పెట్టారు. వాళ్ళకు కావలసింది లోపలి గింజ" అన్నాడు.

ఆ పంట పేరు ఎగూసి. పైకి చూస్తే మన వేసవి పుచ్చకాయకు తోడబుట్టినదే అనిపిస్తుంది. అదే గుండ్రటి కాయ, ఆకుపచ్చ తొక్క మీద అవే చారలు, నేల మీద పాకే అదే తీగ, చీలికలు చీలికలుగా ఉండే అదే ఆకు. కోస్తే మాత్రం లోపల ఎరుపూ ఉండదు, తీపీ ఉండదు. గుజ్జు తెల్లగా, గట్టిగా, నోట పెట్టుకోలేనంత చేదుగా ఉంటుంది. ఆ గుజ్జు నిండా ఒత్తుగా గింజలు, ప్రతి గింజ చుట్టూ దట్టమైన జిగురు పొర ఉంటాయి. అందుకే రైతులు కాయలను కర్రతో కొట్టి పగులగొట్టి, వారం పది రోజులు అలాగే కుళ్ళనిచ్చి, గుజ్జు నీరుకారిపోయాక గింజలను వాగు దగ్గరికి మోసుకెళ్ళి కడిగి, చాపల మీద ఎండబోస్తారు. ఎండిన గింజ పెంకు తీస్తే లోపల మీగడ రంగు పప్పు బయటపడుతుంది. ఆ పప్పులో దాదాపు సగం నూనె, ముప్పై శాతానికి కాస్త అటూ ఇటూగా మాంసకృత్తులు ఉంటాయి. మన వేరుశనగ పప్పుకు ఏ విధంగానూ తీసిపోని గింజ అది.

నేను ఇబాదాన్‌లో ఏడేళ్ళు ఉద్యోగం చేశాను. ఆ ఏడేళ్ళలో ఎగూసి తినని వారం లేదు, దాని గురించి దొరికింది చదవని నెల లేదు. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఒక్క విషయం. ఎగూసిని పొగిడేవారందరూ గింజ లోపల ఏముందో లెక్కలు చెబుతారు. ఆ గింజ మీది పెంకును ఎవరు, ఎలా, ఎంత కూలికి తీస్తున్నారన్న సంగతికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టి ముందుకు పోతారు. నా దృష్టిలో ఆ పంట భవితవ్యమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. కొత్త వంగడం, కొత్త విపణి, కొత్త పేరు ఇవన్నీ దాని తరువాతి మాటలు.

మొదట ఆ గింజకు మనిషితో ఉన్న పరిచయం ఎంత పాతదో చెప్పాలి. లిబియా నైరుతి మూలన ఉవాన్ ముహుగ్గియాగ్ అనే రాతి గుహలో, ఆరు వేల ఏళ్ళ నాటి మానవ నివాసపు మట్టిలో, పుచ్చ జాతి గింజలు దొరికాయి. చాలాకాలం వాటిని తొలి పుచ్చకాయ గింజలని పిలుస్తూ వచ్చారు. ఆస్కార్ పెరెజ్-ఎస్కోబార్, సుసాన్ రెన్నర్ తదితర వృక్షశాస్త్రవేత్తలు ఆ గింజల జన్యుక్రమాన్ని చదివి 2022లో ప్రకటించినప్పుడు బయటపడిన సంగతి వేరు. ఆ కాయ గుజ్జు చేదుది, రంగు ఆకుపచ్చ కలిసిన తెలుపు, దాని జన్యువులలో చాలా భాగం నేటి పశ్చిమ ఆఫ్రికా ఎగూసికి దగ్గరివి. అంతకన్నా నన్ను నిలవేసినది మరొకటి: అక్కడి గింజల మీద మనిషి పళ్ళతో కొరికినట్లున్న పగుళ్ళు కనబడ్డాయి. అంటే మనిషి ఈ జాతి తీగను మొదట దగ్గరికి తీసుకున్నది గుజ్జు కోసం కాదు, గింజ కోసమని వారి ప్రతిపాదన. ఎర్రటి తియ్యటి గుజ్జు ఆ తరువాతి కథ. మనం పుచ్చకాయ తింటూ ఉమ్మివేసే గింజే అసలు పంట, గుజ్జే తరువాత వచ్చి చేరిన లాభం అన్నమాట. ఆ గుహలో కూర్చుని ముందరి పళ్ళ మధ్య గింజ అంచును పట్టి నొక్కిన మనిషికీ, నేను తరువాత చెప్పబోయే బోడిజా సంతలోని స్త్రీకీ మధ్య ఆరు వేల ఏళ్ళ దూరం ఉంది. పెంకు తీసే పద్ధతిలో మాత్రం పెద్ద దూరం లేదు.

ఇంత పాత పంటకు శాస్త్ర గ్రంథాలలో స్థిరమైన పేరు కూడా లేకపోవడం నన్ను బాధించే విషయం. నేడు వృక్షశాస్త్రం దానిని సిట్రల్లస్ మ్యూకోసోస్పెర్మస్ అంటోంది, జిగురు గింజది అని ఆ మాటకు అర్థం. అయితే నైజీరియా పరిశోధన పత్రాలు తిరగేస్తే ఎన్నో చోట్ల కొలోసింథిస్ అనే పేరు కనిపిస్తుంది. అది మన చేదుపుచ్చ పేరు. మన బీళ్ళలో పాకే, ఆయుర్వేద వైద్యులు విరేచనానికి వాడే చేదుపుచ్చ వేరు, ఎగూసి వేరు. ఇది చాలదన్నట్టు, సంతలో ఎగూసి అన్న ఒక్క పేరు కింద ఒకటికి మించిన మొక్కల గింజలు అమ్ముడవుతాయి. ఇబాదాన్ ప్రాంతపు యోరుబా వారు గింజ అంచు మందంగా, నల్లగా, ఒకటిన్నర సెంటీమీటరు పొడవున ఉండే రకాన్ని బారా అంటారు, అంచు పలుచగా, నున్నగా ఉండే చిన్న రకాన్ని సెరెవె అంటారు, ఇటో అనే మూడోదాన్ని వేరుగా చూస్తారు. ఈ ఇటో అసలు ఆ జాతికే చెందదు, దాని పేరు క్యుక్యుమెరాప్సిస్ మన్నై. కొన్ని దేశాలలో ఒక రకం సొర గింజకూ ఇదే పేరు చెల్లుతుంది. అమ్మే స్త్రీలకు ఈ తేడాలన్నీ వేళ్ళ చివర ఉంటాయి. కాగితం మీద రాసేవారే కలగాపులగం చేశారు. పేరు కలగాపులగమైతే దిగుబడి లెక్కలు కూడా అలాగే అవుతాయి. ఒకరు బారా మీద చేసిన ప్రయోగాన్ని మరొకరు ఇటోకు అన్వయించుకుంటారు. ఒలిచే యంత్రం తయారుచేసేవాడికి ఏ పెంకు మందానికి తన యంత్రాన్ని సవరించుకోవాలో తెలియదు.

బోడిజా ఇబాదాన్‌లోని పెద్ద తిండిగింజల సంత. పెండలం దుంపలు ఒకవైపు గుట్టలుగా, మిరప మూటలు ఒకవైపు, ఎర్రటి పామాయిల్ నింపిన పసుపు డబ్బాలు ఒకవైపు ఉంటాయి. ఆ మిరప మూటలు దాటి ఎడమకు తిరిగితే ఎగూసి వరుస వచ్చేది. నేను గింజలు కొనే స్త్రీని అందరిలాగే మామా అని పిలిచేవాణ్ణి. ఆమెకు అరవై ఏళ్ళు ఉంటాయి. ముందు రెండు ఎనామెల్ పళ్ళేలు పెట్టుకుని కూర్చునేది, ఒకదాంట్లో ఒలిచినవి, ఒకదాంట్లో ఒలవనివి. కొనేవాళ్ళు లేని ప్రతి క్షణం ఆమె వేళ్ళు ఒలుస్తూనే ఉండేవి. మాట్లాడుతూ ఒలిచేది, బేరమాడుతూ ఒలిచేది, పక్క దుకాణం వాళ్ళతో తగాదా పడుతూ కూడా ఒలిచేది.

ఆ పని దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. గింజల మీద ముందుగా కొద్దిగా నీళ్ళు చిలకరించి కలిపి కాసేపు ఉంచుతారు, పెంకు పెళుసుదనం తగ్గుతుంది. బొటనవేలి గోరూ చూపుడువేలి గోరూ కలిపి గింజ మొన దగ్గర అంచును నొక్కితే చిటుక్కుమని సన్నటి చప్పుడుతో రెండు రెక్కలుగా విడుతుంది. విడిన వెంటనే బొటనవేలును ముందుకు తోస్తే పప్పు జారి పళ్ళెంలో పడుతుంది, పెంకు ఒళ్ళోకి రాలుతుంది. బాగా అలవాటైన చేతికి ఇదంతా ఒకే కదలిక. నేను పక్కన ముక్కాలి పీట వేసుకుని పావుగంట సేపు ప్రయత్నిస్తే నా అరచేతి గుంటైనా నిండలేదు, ఉన్నవాటిలో సగం విరిగినవి, గోరు కింద చర్మం మండిపోయింది. మామా కుడి బొటనవేలి గోరు మధ్యలో అర్ధచంద్రాకారపు గాడి పడి ఉండేది. ఎన్నో ఏళ్ళుగా గింజ అంచు ఒకే చోట ఒరుసుకుని ఏర్పడిన గాడి అది.

అమ్మకం కాంగో అనే గిన్నె కొలతతో జరుగుతుంది. ఒలిచిన కాంగో ధరకూ ఒలవని కాంగో ధరకూ మధ్య తేడాయే ఆమె కూలి. నేను ఒకరోజు కూర్చుని ఆమెతో లెక్క వేయించాను. రోజంతా ఒలిచిన పప్పు మీద ఆమెకు మిగిలేది, అదే సంతలో మూటలు మోసే కుర్రవాడు రెండు మూడు గంటల్లో సంపాదించేదానితో సమానంగా తేలింది. ఆమె ఆ లెక్క విని ఆశ్చర్యపోలేదు. ఒలవడాన్ని ఆమె పనిగా లెక్కపెట్టదు, ఊరికే కూర్చున్నప్పుడు చేసేదిగా లెక్కపెడుతుంది. వరుసలోని మిగతా వాళ్ళందరూ అంతే. ఆ పంట ధర నిలబడి ఉన్నది ఈ లెక్కపెట్టని శ్రమ మీదే.

పంటలో మంచి లేకపోతే ఇంత కష్టం ఎవరూ పడరు. ఎగూసి కూర ఒక్కసారి తిన్నవాడికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒలిచిన పప్పును పొడిగా రుబ్బి, కాగిన ఎర్ర పామాయిల్‌లో ఉల్లి, మిరప వేగాక అందులో వేస్తే, పొడి గడ్డకట్టి పాలు విరిగినట్లు పలుకులు పలుకులుగా తేలుతుంది. ఆ పలుకులే ఆ కూర ప్రాణం. కొందరు ముందు వేయించి తరువాత నీళ్ళు పోస్తారు, కొందరు తడిపిండిని ముద్దలుగా చేసి ఉడుకుతున్న రసంలో జారవిడుస్తారు, ఏది సరైన పద్ధతి అన్న దాని మీద ఇబాదాన్‌లో రెండు ఇళ్ళు ఏకాభిప్రాయానికి రావడం నేను చూడలేదు. అందులోకి ఇరూ అనే పులియబెట్టిన గింజల మసాలా, ఎండు రొయ్యల పొడి, ఉగు అనే ఆకుకూరో చేదాకో పడతాయి. దంచిన పెండలం ముద్దతో దాన్ని తింటారు. మన సంగటీ పప్పూ తిని పెరిగిన నాకు ఆ ముద్దా ఆ కూరా మొదటి రోజే చేతికి అలవాటైనవిగా తోచాయి. నూనె తీయాలంటే రుబ్బిన పిండిలో వేడినీళ్ళు చిలకరిస్తూ పిసుకుతారు, నూనె వేరుపడుతుంది. మిగిలిన పిండిని ఉండలు చేసి వేయిస్తే రోబో అనే కరకరలాడే చిరుతిండి. ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బోలు అదే గింజను ఉడికించి, ఆకుల్లో చుట్టి పులియబెట్టి ఓగిరి అనే మసాలా చేస్తారు. గింజలో ఏ భాగమూ వృథా పోదు. చేలో కూడా అంతే. పెండలం, మొక్కజొన్న, కర్రపెండలం వరుసల మధ్య తొలకరికి ఎగూసి విత్తితే తీగ నేలంతా కప్పి కలుపును అణచివేస్తుంది, మట్టిలో తడి ఆరనివ్వదు. మూడు నాలుగు నెలల్లో పంట చేతికొచ్చి తీగ ఎండిపోతుంది, అసలు పంటకు అడ్డు తగలదు.

మరి గింజలను పెంకుతోనే అమ్మి, కొన్నవారినే ఒలుచుకోమనవచ్చు కదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. ఒకప్పుడు అలాగే జరిగేది, పల్లెల్లో ఇప్పటికీ జరుగుతోంది. పట్నంలో ఉద్యోగానికి పోయే ఇల్లాలికి ఒలిచే తీరిక లేదు. ఒలిచి నిలవ ఉంచుదామంటే పప్పులో ఉన్న నూనె గాలి తగిలి త్వరగా కనరుతుంది. తేమ పట్టిన గింజలకు బూజు పడుతుంది, ఆ బూజుతో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ చేరుతుంది, నైజీరియా శాస్త్రవేత్తలు సంతల్లోని ఎగూసిలో దీన్ని గుర్తించి రాశారు కూడా. నాకే ఒకసారి, సెలవుకు వచ్చేముందు తొందరలో ఒక కొట్లో పొడి ప్యాకెట్టు కొనుక్కుంటే, కర్నూలులో విప్పి వండిన కూరను ఇంటిల్లిపాదీ పక్కన పెట్టేశారు, నోరంతా చిరుచేదు. ఆ చేదు గింజది కాదు, నిలవది. కనుక పెంకు అనేది అడ్డంకి మాత్రమే కాదు, కాపలా కూడా. అవసరం వచ్చినప్పుడు, అవసరమైనంత, అప్పటికప్పుడు తీయాలి. ఎక్కడో దూరాన ఒకే పెద్ద కర్మాగారం పెట్టి టన్నులకొద్దీ ఒలిచి గిడ్డంగిలో పోసే నమూనా ఈ గింజకు సరిపడదు. సంత సంతకూ ఒక చిన్న యంత్రం కావాలి.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. నైజీరియా విశ్వవిద్యాలయాల వ్యవసాయ ఇంజినీరింగు విభాగాల నుంచి ఎగూసి ఒలిచే యంత్రాల నమూనాలు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. గిరగిర తిరిగే రెక్కలు గింజను గోడకు కొట్టగా పెంకు పగిలే పద్ధతి వాటిలో ఎక్కువ. తేమ కొంచెం ఎక్కువైతే పెంకు విడదు, తక్కువైతే పప్పు విరుగుతుంది. విరిగిన పప్పు త్వరగా కనరుతుంది, అందుకే కొనే స్త్రీలు గుప్పిట్లోకి తీసుకుని ముక్కలు ఎన్ని ఉన్నాయో చూసి మరీ బేరమాడతారు. ఈ చిక్కు పరిష్కారం కానిదేమీ కాదు. పరిష్కరించే పట్టుదలతో ఏళ్ళ తరబడి దాని మీద కూర్చునే సంస్థ లేకపోవడమే లోటు.

ఆ లోటు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే వేరుశనగను పక్కన పెట్టి చూడాలి. వేరుశనగ ఆఫ్రికాది కాదు, మనదీ కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. వలస పాలన కాలంలో ఐరోపా సబ్బు, మార్గరిన్ కర్మాగారాలకు నూనె కావలసి వచ్చింది. ఉత్తర నైజీరియాకు రైలు మార్గం వేశారు, కానో నగరంలో వేరుశనగ మూటలను పిరమిడ్ల ఆకారంలో పేర్చి ఓడలకు పంపేవారు. ఆ పిరమిడ్ల ఫొటోలు ఇప్పటికీ నైజీరియా వారికి ఒక పాత వైభవపు గుర్తు. 1975లో రోజెట్ తెగులు ఆ పంటను ఊడ్చిపెట్టినా, ప్రపంచం వేరుశనగను వదిలిపెట్టలేదు. మన పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ దాన్ని తన ప్రధాన పంటలలో ఒకటిగా తీసుకుంది. ఇబాదాన్‌లోనే 1967 నుంచి ఉష్ణమండల వ్యవసాయ అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఉంది. పెండలం, కర్రపెండలం, అలసంద, మొక్కజొన్న, సోయా, అరటి అక్కడి పంటలు. ఆ సంస్థ గేటు నుంచి బోడిజా సంతకు కారులో అరగంట ప్రయాణం. ఎగూసి మాత్రం దాని జాబితాలోకి రాలేదు. ఓడ ఎక్కని పంట, పురుషుల వ్యాపారం కాని పంట, కుండలోకి మాత్రమే వెళ్ళే పంట కనుక అది పద్దుల్లోకి ఎక్కలేదని నేను నమ్ముతున్నాను. వేరుశనగతో సమానమైన నూనె ఉన్నా దాన్ని నూనెగింజగా కాక కూర దినుసుగా చూసే అలవాటు అక్కడి నుంచే వచ్చింది.

బయటి ప్రపంచం ఎగూసిని అసలు పట్టించుకోలేదంటే అది అబద్ధమవుతుంది. పట్టించుకుంది, తన అవసరం కోసం. నైజీరియా నుంచి సేకరించి అమెరికా వ్యవసాయ శాఖ విత్తన భాండాగారంలో 595203 అనే సంఖ్యతో దాచిన ఒక ఎగూసి రకంలో, పుచ్చ తోటలను నాశనం చేసే మొజాయిక్ వైరస్‌లను తట్టుకునే గుణం ఉంది. పుచ్చ వంగడాల పరిశోధకులు దాన్ని విలువైన వనరుగా వాడుకుంటున్నారు. ఎగూసి గింజ చుట్టూ ఉండే కండపొర ఒకే ఒక్క అంతర్గత (రిసెసివ్) జన్యువు వల్ల వస్తుందని 2004లో తేల్చారు. నూనెతో బయోడీజిల్ తయారుచేయవచ్చని 2010 ప్రాంతం నుంచి వరుసగా పత్రాలు వచ్చాయి. 2006లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఆఫ్రికా కూరగాయల మీద వెలువరించిన సంపుటంలో దీనికి గౌరవంగా ఒక అధ్యాయం కేటాయించింది, మరుగున పడిన పంటల వరుసలో చేర్చింది. ఆ అధ్యాయం రాసినవారి సదుద్దేశాన్ని నేను శంకించను. కానీ ఇరవై కోట్లకు పైగా మనుషులున్న దేశంలో సంత సంతలోనూ గుట్టలుగా అమ్ముడయ్యే గింజ ఎవరి దృష్టిలో మరుగున పడింది? వైరస్‌ను తట్టుకునే జన్యువు తియ్యటి పుచ్చ తోటలోకి వెళ్తుంది, నూనె ఇంజనులోకి వెళ్తుందంటారు. మనిషి తింటున్న ఆ మంచి నూనెను, గోళ్ళు అరిగేలా ఒలిచిన పప్పు నుంచి తీసి ఇంజనులో కాల్చాలన్న ఆలోచన నాకు ఎంతమాత్రమూ మింగుడుపడదు.

ఇప్పుడు నా వాదానికి ఎదురయ్యే బలమైన ఆక్షేపణ దగ్గరికి వస్తాను. యంత్రం వస్తే మామా లాంటి వారి కూలి ఏమవుతుంది? ఒలిచిన గింజకూ ఒలవని గింజకూ మధ్య తేడాయే ఆమె సంపాదన అని నేనే రాశాను, ఆ తేడాను యంత్రం మింగేస్తే ఆమెకు మిగిలేదేమిటి? ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. మన ఊళ్ళలో బియ్యపు మిల్లులు వచ్చినప్పుడు దంపుళ్ళ మీద బతికిన ఆడవాళ్ళ రోకళ్ళు మూలపడ్డాయి, ఆ పని పోయిన చోట వాళ్ళకు మరో పని ఎవరూ చూపలేదు. మిల్లు యజమానుల్లో ఆ ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. అదే సమయంలో మా అమ్మ చేతులు నాకు గుర్తొస్తాయి. మా వైపు వేరుశనగను బుడ్డలు అంటారు. యంత్రంలో ఆడిస్తే పప్పు బద్దలై మొలక రాదని, విత్తనానికి కావలసిన బుడ్డలను చేత్తోనే ఒలిచేవారు. తొలకరికి ముందు నెలరోజులు ప్రతి రాత్రీ దీపం చుట్టూ కూర్చుని ఒలిచేవాళ్ళం. వానలు పడేనాటికి మా అమ్మ బొటనవేలి చివర చర్మం పగిలి నెత్తురు చిమ్మేది, ఆ వేలికి గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ కూర్చునేది. ఆ శ్రమను సంప్రదాయమని, నైపుణ్యమని పొగిడి అలాగే ఉంచాలనే వారితో నేను ఏకీభవించలేను. పోవలసింది ఆమె నొప్పి, ఆమె ఆదాయం కాదు. ఈ రెంటినీ విడదీయడం సాధ్యమే, యంత్రం ఎవరి చేతికి ఇస్తున్నామన్నది ముందే నిర్ణయించుకుంటే. సంతలో ఎగూసి వరుసకంతా కలిపి ఒక యంత్రం, దాని మీద ఆ వరుస స్త్రీలకు హక్కు, విరిగిన పప్పును అక్కడికక్కడే నూనెకూ రోబోకూ మళ్ళించే ఏర్పాటు ఉంటే, ఒలిచే గంటలు తగ్గి అమ్మే సరుకు పెరుగుతుంది. కర్రపెండలం తురిమే మరలు నైజీరియా పల్లెల్లోకి వచ్చినప్పుడు ఎక్కువగా మగవాళ్ళ చేతుల్లో పడ్డాయి, ఆడవాళ్ళు తురుముకు కూలి చెల్లించి గారి అనే కర్రపెండలం రవ్వ వేయించుకుంటున్నారు. ఎగూసి విషయంలో అది పునరావృతం కాకూడదు.

ఇది నైజీరియాకే పరిమితమైన చర్చ అనుకునే తెలుగు పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. హైదరాబాదు బేగంబజారులో మగజ్ పేరుతో అమ్మే తెల్లటి పుచ్చపప్పు మన వంటలకు కొత్త కాదు. కుర్మాలోనూ, లడ్డూ మీదా, ఠండాయిలోనూ పడుతుంది. దాని కోసం మన దేశం సూడాన్ లాంటి చోట్ల నుంచి పుచ్చగింజలను పెంకుతోనే మూటలకొద్దీ తెప్పించుకుంటూ వచ్చింది, ఇక్కడి కర్మాగారాలలో యంత్రాలతో పెంకు తీస్తుంది. ఆ గింజలను శుద్ధిచేసే లైసెన్సు ఉన్నవారే దిగుమతి చేసుకోవాలని 2024లో కేంద్ర ప్రభుత్వం నియమం కూడా పెట్టింది. అంటే ఆఫ్రికా నేల మీద పండిన పుచ్చగింజ పెంకును, పప్పు విరగకుండా, వ్యాపార స్థాయిలో తీసే పరిజ్ఞానం మన దగ్గర ఉంది. మగజ్ గింజ పెంకు వేరు, ఎగూసి గింజ చదును వేరు, యంత్రాన్ని యథాతథంగా మోసుకెళ్ళి పెడితే పనిచేయదని నాకు తెలుసు. కానీ బొటనవేలి గోరుతో తప్ప ఆ పెంకు తీయడం కుదరదనే మాట ఇక చెల్లదు. లాగోస్‌లో ప్లాస్టిక్, మందులు, ఉక్కు వ్యాపారాలలో ఉన్న మన తెలుగువారిలో ఒక్కరు ఈ పని మీద మనసు పెట్టినా నా ఈ వ్యాసం రాసిన శ్రమ తీరుతుంది.

ఉద్యోగం వదిలి వచ్చేసిన రెండేళ్ళకు పాత లెక్కల పని మీద మళ్ళీ ఇబాదాన్ వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళేముందు బేగంబజారులో అరకిలో మగజ్ కొని సంచిలో పెట్టుకున్నాను. బోడిజాలో మామా అదే చోట, అవే రెండు పళ్ళేల ముందు కూర్చుని ఉంది. ప్యాకెట్టు విప్పి ఆమె అరచేతిలో పోశాను. ఆమె ఒలవడం ఆపింది. ఒక పప్పును తీసి వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది, మొన విరిగిందేమో వేలితో తడిమింది, ముందరి పళ్ళ మధ్య పెట్టి కొరికి నెమ్మదిగా నమిలింది. నూనె ఉందని, మన ఎగూసి అంత లేదని అంది. ఒక్కటీ విరగలేదేమిటని అడిగింది. మా దేశంలో మిషనుతో ఒలుస్తారని చెప్పాను. మీ దేశంలో కాంగో ఎంత అని అడిగితే, కిలో ధరను కాంగోలోకీ, వాళ్ళ డబ్బు నైరాలోకీ మార్చి చెప్పాను. పక్క వరుస నుంచి ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి తలా రెండు పప్పులు తీసుకుని కొరికి చూశారు.

"ఆ మిషను ఎవరిది?" అని అడిగింది మామా.

యజమానులదని చెప్పాను. ఆమె తల ఊపి, మిగిలిన పప్పును ప్యాకెట్టులోకి పోసి మూతి ముడేసి, తన పీట కింద పెట్టుకుంది. ఒలవని పళ్ళెంలోంచి ఒక గింజ తీసుకుంది.